లావు అక్షరం, లోపలి తెలుపు

ప్రశ్న: తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు తాతగారి కాలం నుంచి మిఠాయి కొట్టు ఉంది. పాత రేకు బోర్డు తీసేసి కొత్తది పెట్టాలనుకుంటున్నాం. బెంగళూరులో ఉన్న డిజైనర్ ‘బోల్డ్ సెరిఫ్’ ఇంగ్లిష్ ఫాంట్‌తో లోగో చేసి పంపాడు. ఫోన్‌లో చాలా బాగుంది. ఇక్కడ బోర్డు చేసేవాళ్లేమో ‘ఇది నిలబడదు సార్, ఫాంట్ మార్చండి’ అంటున్నారు. ఎవరి మాట వినాలి? తెలుగులో దీనికి జోడీగా ఏ సెరిఫ్ ఫాంట్ పెట్టాలి? బోర్డు, స్వీట్ బాక్సు, క్యారీబ్యాగు, విజిటింగ్ కార్డు అన్నిటికీ ఇదే వాడొచ్చా?

జవాబు:

తమ్ముడూ, మీ డిజైనర్ చెప్పిందీ తప్పు కాదు, బోర్డు వాళ్లు చెప్పిందీ తప్పు కాదు. ఆయన ఫోన్‌లో చూశాడు, వీళ్లు నిచ్చెనెక్కి చూస్తున్నారు. నువ్వు పెట్టిన లోగో బొమ్మ చూశాను. అది సెరిఫ్‌లలో ‘ఫ్యాట్ ఫేస్’ అనే రకం. నిలువు గీతలు దుంగల్లా ఉంటాయి, అడ్డగీతలు వెంట్రుకల్లా ఉంటాయి. గొడవంతా ఆ వెంట్రుకల దగ్గరే.

నేను 1994లో చిత్తూరులో ఒక చిన్న ప్రెస్సులో సీసం అక్షరాలు ఏరుతూ ఈ పనిలోకి వచ్చాను. తర్వాత తిరుపతిలో డీటీపీ, ఆ తర్వాత ఫ్లెక్సు, ఇప్పుడు ఏసీపీ (అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) బోర్డులు, ఎల్ఈడీ అక్షరాలు. కాబట్టి పుస్తకంలో ఉన్నదానికంటే చేతికి తగిలిందే ఎక్కువ చెబుతాను. జవాబు కొంచెం పొడుగవుతుంది.

ముందు సెరిఫ్ అంటే ఏమిటో. ఇంగ్లిష్ ‘ఐ’ అక్షరాన్ని టైమ్స్ న్యూ రోమన్‌లో కొట్టి చూడు. గీత పైనా కిందా చిన్న పాదాల్లాంటివి ఉంటాయి. అవే సెరిఫ్‌లు. మా ప్రెస్సులో ‘కాళ్లున్న అక్షరం’, ‘కాళ్లు లేని అక్షరం’ అనేవాళ్లం, అందరికీ అర్థమైపోయేది. ఈ కాళ్లు ఎలా పుట్టాయన్నదాని మీద నాకు బాగా నచ్చిన వాదన ఎడ్వర్డ్ కాటిచ్ అనే అమెరికన్ ఫాదర్‌ది. చర్చి ఫాదర్ కాకముందు కుర్రతనంలో ఆయన షికాగోలో బోర్డులు రాసేవాడు. రోమ్ నగరంలో ట్రాజన్ స్తంభం కింద క్రీ.శ. 113 నాటి శాసనం ఒకటుంది. ఆ అక్షరాలను ముందు చదును బ్రష్షుతో రాతి మీద రాసి, తర్వాత ఉలితో చెక్కారని, గీత చివర బ్రష్షును తిప్పి ఎత్తడంలోనే ఆ పాదం వచ్చిందని ఆయన చెప్పాడు. బోర్డు రాసేవాడి చెయ్యి ఎలా తిరుగుతుందో తెలిసినవాడు కాబట్టే ఆయనకు అది తట్టిందని నా నమ్మకం. మీ తాతగారి రేకు బోర్డు రాసిన ఆర్టిస్టు చేతిలోనూ అదే చదును బ్రష్షు ఉండి ఉంటుంది. ఆ బోర్డు సంగతి చివర్లో మళ్లీ మాట్లాడతాను.

ఇక ‘బోల్డ్’. చాలామంది ఇది అక్షరమంత పాతదనుకుంటారు. కాదు. వెనిస్‌లో 1470 ప్రాంతంలో జెన్సన్ అనే ప్రింటరు చక్కని రోమన్ అచ్చు అక్షరాలు పోశాడు. అప్పటి నుంచి 1800 దాటేదాకా రోమన్ అక్షరానికి ఇప్పుడు మనం బోల్డ్ అంటున్న జోడీయే లేదు. మూడు వందల ఏళ్లకు పైగా ఆ లోటు ఎవరికీ తెలియలేదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్‌లో లాటరీ పోస్టర్ల గోల మొదలయ్యాక గోడ మీద నుంచి అరిచే అక్షరం కావలసి వచ్చింది. రాబర్ట్ థోర్న్ లాంటి అచ్చు పోతవాళ్లు అప్పటికి ఫ్యాషన్‌లో ఉన్న సన్న-లావు అక్షరాన్ని పట్టుకుని, లావును ఇంకా ఇంకా ఉబ్బించి, సన్నాన్ని మాత్రం సన్నంగానే వదిలేశారు. అదే ఫ్యాట్ ఫేస్. మీ లోగో ముత్తాత లాటరీ టికెట్ల పోస్టరు.

కాగితం మీద, చేతికందే దూరంలో దాని అందం వేరు. అరిటాకులో లడ్డూ పక్కన సన్న సేమియా పెట్టినట్టుంటుంది. గాంధీరోడ్డులో పది అడుగుల ఎత్తున పెడితే ఏమవుతుందో లెక్క వేద్దాం. 14 అంగుళాల ఎత్తు అక్షరం తీసుకుంటే, నిలువు గీత ఇంచుమించు 5 అంగుళాలు వస్తుంది, అడ్డగీత పావు అంగుళం ఉంటే గొప్ప. పావు అంగుళం గీత అరవై అడుగుల దూరానికి కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. వంద అడుగులకు మాయం. మీ లోగోలో ‘స్వీట్స్’ అనే ఇంగ్లిష్ మాట ఉంది. అందులో రెండు ‘ఈ’లు, ఒక ‘టీ’. అడ్డగీతలు కరిగిపోతే ఆ మూడూ మూడు స్తంభాలు. ఇంగ్లిష్ ‘ఎన్’ ఉన్న మాటైతే ఇంకా అన్యాయం: ఫ్యాట్ ఫేస్‌లో దాని నిలువు గీతలే సన్నం, ఏటవాలు గీత లావు. దూరం నుంచి చూస్తే అక్షరం కాదు, కొట్టివేత గీత.

అందుకే బోర్డు వాళ్లు నిలబడదన్నారు. వాళ్లకు ఇంకో బాధ కూడా ఉంది. లోపల లైటు వెలిగే అక్షరం చేయాలంటే ఆ గీత వెడల్పులో ఎల్ఈడీ మాడ్యూళ్లు కూర్చోవాలి. అంగుళం కంటే సన్నని సందులో మామూలు మాడ్యూళ్లు పట్టవు. పట్టించినా ఆ చోటు చీకటిగా మిగులుతుంది. అక్రిలిక్ కోస్తే వెంట్రుక గీత బిగించేటప్పుడే విరుగుతుంది. వినైల్ స్టిక్కరయితే ఎండకు అంచు లేచి, రెండో వేసవికి ఊడుతుంది. కొన్నేళ్ల కింద ఒక కల్యాణ మండపానికి నేనే ఇలాంటి ఫాంట్‌తో అక్రిలిక్ అక్షరాలు పెట్టాను. ముహూర్తాల సీజన్ మధ్యలో ఒక అక్షరం నడుము విరిగి వేలాడింది. పెళ్లివారు చూడకముందే నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అయితే బోల్డ్ సెరిఫ్ అంటే ఫ్యాట్ ఫేస్ ఒక్కటే కాదు. డిజైనర్‌తో నువ్వు మాట్లాడాల్సింది ఇక్కడే. ‘సెరిఫ్ వద్దు’ అనకు. ‘సన్న గీత లావుగా ఉన్న సెరిఫ్ కావాలి’ అను.

అలాంటివాటిలో పెద్దన్న క్లారెండన్. 1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో (అచ్చు అక్షరాలు పోసే కార్ఖానాలో) రాబర్ట్ బెస్లీ దాన్ని తెచ్చాడు, బెంజమిన్ ఫాక్స్ అచ్చు చెక్కాడు. మామూలు అక్షరాల మధ్యలో ఒక్క మాటను ఎత్తి చూపడానికి, అంటే నిఘంటువులో ప్రధాన పదంలాంటి చోట్ల, పక్కన కూర్చోగలిగిన లావు అక్షరం అది. అప్పటి చట్టం కింద దాన్ని రిజిస్టర్ చేస్తే మూడేళ్ల రక్షణ దొరికింది. ఆ మూడేళ్లూ గడవగానే ప్రతి ఫౌండ్రీ కాపీ కొట్టింది, మన ఊళ్లో ఒక టీకొట్టు నడిస్తే పక్కన నాలుగు లేచినట్టు. దాని గుణం ఏమిటంటే, లావుకూ సన్నానికీ తేడా తక్కువ, పాదాలు బలంగా ఉంటాయి, గీత నుంచి పాదంలోకి మూల తిరిగే చోట వంపు ఉంటుంది. అమెరికాలో నేషనల్ పార్కుల రోడ్డు బోర్డుల మీద చాలాకాలం ఇదే వాడారంటే దూరానికి ఎంత ఆనుతుందో ఆలోచించు. ఉచితంగా దొరికేవాటిలో ఆల్ఫా స్లాబ్ వన్ ఉంది. దానిలో వంపులు తక్కువ, పాదాలు ఇటుకల్లా ఉంటాయి. సిమెంటు కొట్టుకు బాగుంటుంది, మిఠాయికి నా మనసు ఒప్పదు.

మీ కొట్టుకు నేనైతే కూపర్ బ్లాక్ కుటుంబం వైపు వెళతాను. షికాగోలో ఓజ్వల్డ్ కూపర్ గీశాడు, 1922లో బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే ఫౌండ్రీ విడుదల చేసింది. సెరిఫే, కానీ మూలలన్నీ నున్నగా అరిగిపోయినట్టుంటాయి. బొద్దుగా, నవ్వుతున్నట్టు ఉంటుంది. దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం మన తెలుగు. తెలుగు అక్షరంలో సూటి మూల దాదాపు ఉండదు. తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో అడ్డంగా సూటి గీత లాగితే ఆకు ఈనె వెంట చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెప్తారు. ఇక్కడ యూనివర్సిటీలో ప్రాచ్య పరిశోధన సంస్థలో తాటాకు ప్రతులున్నాయి, వీలుంటే చూడు. గంటం గీతకు లావూ సన్నమూ ఉండదు, అంతా ఒకే మందం. అటువంటి అక్షరం పక్కన దుంగ-వెంట్రుక ఇంగ్లిష్ పెడితే ఇద్దరు వేరే వేరే పెళ్లిళ్లకు వచ్చి ఒకే పందిట్లో కూర్చున్నట్టుంటుంది. కూపర్ బ్లాక్ లాంటిదైతే సర్దుకుపోతుంది. అసలు కూపర్ బ్లాక్‌కు లైసెన్సు కొనాలి. డబ్బు పెట్టకూడదనుకుంటే కాప్రసిమో అని ఆ పోలికలోనే గూగుల్ ఫాంట్స్‌లో ఒకటుంది. ఓపెన్ లైసెన్సు, వ్యాపారానికి నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, తెలుగు సెరిఫ్ ఏది అని. సూటిగా చెబితే తెలుగులో సెరిఫ్ లేదు. తలకట్టును సెరిఫ్ అనుకునేవాళ్లున్నారు. అది తప్పు. తలకట్టు గుణింతంలో భాగం, తీసేస్తే అక్షరమే మారుతుంది. ఇంగ్లిష్ సెరిఫ్ తీసేసినా ‘ఐ’ ఐగానే ఉంటుంది. నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంట్ పేరు చూసి మోసపోవద్దు. అక్కడ సెరిఫ్ అంటే కాళ్లని కాదు, గీతలో లావు-సన్నం ఊపు ఉందని అర్థం. ఫాంట్ మాత్రం మంచిది. సన్నం నుంచి బ్లాక్ దాకా తొమ్మిది మందాలున్నాయి కాబట్టి ఇంగ్లిష్ పక్కన పెట్టి సరిపోయే మందం ఏరుకోవచ్చు. తిరో తెలుగు అని ఇంకోటుంది. ఫియోనా రాస్, జాన్ హడ్సన్‌ల చేతిపని, చదువుకునే పుస్తకానికి అంత నిండుగా ఉండేవి తక్కువ. దానికి బోల్డే లేదు కాబట్టి బోర్డుకు పనికిరాదు.

జోడీ కుదిర్చేటప్పుడు పేరులో సెరిఫ్ ఉందా అని వెతక్కు. దూరంగా నిలబడి కళ్లు సగం మూసి చూడు. రెండు లైన్లూ ఒకే నలుపుగా కనబడితే జోడీ కుదిరినట్టే. ఆ లెక్కన కాప్రసిమో పక్కన రామభద్ర బాగా కూర్చుంటుంది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్రవాళ్లు విడుదల చేయించిన ఉచిత ఫాంట్లలో అది ఒకటి, పురుషోత్ కుమార్ గుత్తుల గీశారు. శీర్షికల కోసమే పుట్టిన లావు అక్షరం. ఆ వరసలో పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ పేర్లతో కూడా ఫాంట్లున్నాయి. మన కాళహస్తి ధూర్జటి పేరుతోనూ ఉంది. పక్కూరాయన కదా అని దాన్ని బోర్డుకు పెట్టేయకు, అది ఆహ్వానపత్రికకు నప్పే రకం. రామభద్ర మరీ మొరటుగా అనిపిస్తే ఏక్‌టైప్ అనే ఫాంట్ల సంస్థవాళ్ల ‘బాలూ తమ్ముడు’ ఫాంట్ చూడు, ఇంకా మెత్తగా ఉంటుంది.

ఇక అసలు విషయం. నీ కొట్టు పేరులో ‘మిఠాయి’ అనే మాట ఉంది కదా. అందులో ‘ఠ’ ఉంది. ‘ఠ’కూ ‘ర’కూ మధ్య ఉన్నదల్లా కడుపులో ఒక చుక్క.

ఫ్లెక్సులు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక మిఠాయి కొట్టుకే నేను బోర్డు చేశాను. ఓనరు ‘ఇంకొంచెం లావుగా కావాలి’ అన్నాడు. అప్పట్లో మేమంతా ఒకటే మంత్రం వేసేవాళ్లం: కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరానికి అవుట్‌లైన్ కొట్టడం, అంటే అంచు చుట్టూ అదే రంగు గీత వేయడం. రెండు పాయింట్లు, చాలలేదు, నాలుగు పాయింట్లు. ఫ్లెక్సు మీద ఇంకు ఇంకాస్త పరుచుకుంది. ‘ఠ’ కడుపు పూడిపోయి చుక్కా గీతా కలిసిపోయాయి. బోర్డు మీద ‘మిరాయి’ అని వెలిగింది. ఎదురుగా ట్యూషన్‌కు వచ్చే పిల్లలు వారం రోజులు ‘అంకుల్, మిరపకాయలు ఎంత?’ అని అడిగారు. ఆ ఫ్లెక్సు నా ఖర్చుతో మళ్లీ వేశాను.

అప్పటి నుంచి నేను అక్షరం నలుపును కాదు, లోపలి తెలుపును చూస్తాను. అక్షరం ఎత్తు పెరగదు కాబట్టి లావు చేసినప్పుడు ఆ లావు లోపలికైనా రావాలి, పక్కకైనా పోవాలి. నిజమైన బోల్డ్‌ను గీసేవాడు అక్షరాన్ని పక్కకు వెడల్పు చేస్తాడు, నిలువు గీతను బాగా పెంచి అడ్డగీతను తక్కువ పెంచుతాడు, రెండు గీతలు కలిసే మూలలో కొంచెం కోసి గాలి ఆడనిస్తాడు. కూపర్ బ్లాక్‌లో ఇంగ్లిష్ చిన్న ‘ఈ’ కన్ను, అంటే లోపలి ఖాళీ, ఎంత చిన్నదైనా పూడిపోదు, ఎందుకంటే దాన్ని అలా గీశారు. అవుట్‌లైన్ కొట్టే మిషన్‌కు ఇవేవీ తెలియవు. అన్ని వైపులా సమానంగా ఉబ్బిస్తుంది. దెబ్బ తగిలి వాచిన చెయ్యి, కండ పట్టిన చెయ్యి ఒకటి కాదు కదా.

ఇంగ్లిష్‌లో పూడిపోయే అక్షరాలు నాలుగైదు. తెలుగులో ఆ జాబితా పొడుగు. ‘థ’ కడుపులో చుక్క పోతే ‘ద’. ‘ధ’, ‘భ’ కింద ఉండే చిన్న గీత అతుక్కుపోతే ‘ద’, ‘బ’. ఒత్తుల సంగతి చెప్పక్కర్లేదు. ‘తీర్థం’ అని రాస్తే ‘థ’ ఒత్తుగా మారి సగం సైజులో కిందికి వెళుతుంది, దాని చుక్క ఇంకా చిన్నది. కపిలతీర్థం దారిలో ‘తీర్దం’ అని చదవాల్సివచ్చే ఫ్లెక్సులు నువ్వూ చూసే ఉంటావు. వాటిలో సగం రాసినవాడి తప్పు కాదు, అవుట్‌లైన్ తప్పు. కాబట్టి ‘మిఠాయి’ని ముందు తెల్ల కాగితం మీద అసలు సైజులో తీయించి, ఆ చుక్క చుట్టూ తెలుపు గీత మందంలో కనీసం సగమైనా ఉందా అని స్కేలు పెట్టి చూడు. లేకపోతే ఒక మందం తగ్గించు. అక్షరం బక్కగా అనిపిస్తే సైజు పెంచు, లావు పెంచకు.

సైజు అంటే గుర్తొచ్చింది. మా పనిలో ఒక మోటు లెక్క ఉంది: ఇంగ్లిష్ క్యాపిటల్ అక్షరం అంగుళం ఎత్తుంటే పది అడుగుల నుంచి సుఖంగా చదవొచ్చు. గుడి వీధి మలుపు మీ కొట్టుకు ఎనభై అడుగులుంటే ఎనిమిది అంగుళాలు. తెలుగుకు నేను దాని మీద మరో మూడో వంతు కలుపుతాను, గుడులూ ఒత్తులూ చోటు తింటాయి కాబట్టి. కంప్యూటర్లో రెంటికీ ఒకే పాయింటు సైజు పెట్టి వదిలేస్తే తెలుగు పొట్టిగా వస్తుంది. అంకెలు పక్కనపెట్టి కంటితో సరిచెయ్యమను. మీ వీధిలో నడిచేవాళ్లలో తమిళులు, కన్నడిగులు చాలామంది ఉంటారు. వాళ్లు ఇంగ్లిష్ లైనే చదువుతారు, కాబట్టి దాన్ని మూలకు నెట్టొద్దు. తమిళం లైను కూడా పెట్టేట్టయితే ఇంగ్లిష్‌ను ఇంకాస్త తేలిక చేసి, మూడు లైన్లూ ఒకే నలుపులో ఉండేలా చూడమను.

రాత్రి సంగతి చాలామంది మర్చిపోతారు. నల్లటి బోర్డు మీద తెల్లగా వెలిగే అక్షరం కంటికి అసలుకంటే లావుగా కనబడుతుంది, వెలుగు అంచుల మీదికి పొంగుతుంది. పగలు సరిగ్గా ఉన్న బోల్డ్ రాత్రి ముద్దవుతుంది. వెలిగే అక్షరానికి ఒక మెట్టు సన్నది వాడి, అక్షరానికీ అక్షరానికీ మధ్య సందు కొంచెం పెంచమను.

మిగతావి తొందరగా చెప్తాను. స్వీట్ బాక్సు మీద డిజైనర్ పంపిన ఫ్యాట్ ఫేస్‌నే నిరభ్యంతరంగా పెట్టుకో, మూత మీద పెద్దగా. ఆఫ్‌సెట్ ప్రింటు దాన్ని మోస్తుంది, చేతిలో పట్టుకుని చూసే వస్తువు, అక్కడ ఆ వెంట్రుకలే అందం. బంగారు ఫాయిల్ కొట్టించేట్టయితే మాత్రం ముందు నమూనా అడుగు, సన్న గీతల దగ్గర ఫాయిల్ తెగుతుంది. క్యారీబ్యాగు స్క్రీన్ ప్రింటింగ్. గోధుమరంగు కాగితం ఇంకు పీల్చుకుంటుంది, అర మిల్లీమీటరు కంటే సన్నని గీతను నేను నమ్మను. అక్కడ బోర్డు మీది కాప్రసిమోనే వాడు. విజిటింగ్ కార్డులో పేరుకు ఒక్కదానికే బోల్డ్ సెరిఫ్. ఫోను నంబరు, అడ్రసు మామూలు అక్షరాల్లో ఉండాలి. మెరూన్ కార్డు మీద తెల్ల అక్షరాలంటావేమో, చిన్న సైజులో వద్దు. చుట్టూ ఉన్న ఇంకు లోపలికి పాకి సెరిఫ్‌లను తినేస్తుంది. బాక్సు వెనక పదార్థాల జాబితాకు, తయారీ తేదీకి కూడా ఇదే లావు ఫాంట్ పెట్టినవాళ్లను చూశాను. అన్నీ అరిస్తే ఏదీ వినబడదు, పైగా నెయ్యి ఉందో డాల్డా ఉందో కొనేవాడికి కనబడదు. ఏదో దాస్తున్నారనుకుంటాడు.

టైమ్స్ న్యూ రోమన్ బోల్డ్ కంప్యూటర్లో ఊరికే ఉంది కదా అని అడుగుతారు కొందరు. అది 1932లో లండన్ టైమ్స్ పత్రిక ఇరుకు కాలమ్‌ల కోసం చేసిన అక్షరం. మిఠాయి కొట్టు మీద పెడితే టెండరు నోటీసులా ఉంటుంది.

ఫైల్ గురించి ఒక జాగ్రత్త. తెలుగు లైను యూనికోడ్ ఫాంట్‌తోనే చేయించు. అను ఫాంట్లతో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని పాత రకం) చేస్తే బోర్డుకు పనైపోతుంది, రేపు అదే పేరు కాపీ చేసి వాట్సాప్‌లో, గూగుల్ మ్యాప్‌లో పెట్టబోతే పిచ్చి గీతలొస్తాయి. డిజైనర్ ఫోటోషాప్‌లో చేస్తుంటే వరల్డ్ రెడీ కంపోజర్ (మన భాషల అక్షరాలను సరిగ్గా కూర్చే సెట్టింగ్) ఆన్ చేశాడో లేదో అడుగు, లేదంటే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. బెంగళూరు కుర్రాడికి తెలుగు రాకపోతే అది తప్పని కూడా తెలియదు. ప్రింటుకు ఇచ్చే కాపీని కర్వ్స్ చేయించు, అంటే అక్షరాలను బొమ్మ గీతలుగా మార్పించు, కర్వ్స్ చేయని కాపీ ఒకటి నీ దగ్గర పెట్టుకో. కర్వ్స్ చేశాక అక్షరదోషం దొరికితే దిద్దడానికి ఉండదు.

ఆఖరుగా ఆ రేకు బోర్డు. పాత ఇనుము వాడికి వెయ్యకు. నువ్వు పెట్టిన ఫోటోలో మూల కొంచెమే కనబడుతోంది గానీ, ఆ ‘ఠ’ కడుపులో చుక్కను ఆర్టిస్టు గుండ్రంగా పెట్టలేదు, బ్రష్షును ఏటవాలుగా ఆనించి గోరింత పెట్టాడు. చుట్టూ తెలుపు ఎంత వదిలాడో చూశావా? పగటి వెలుగులో, ఎదురుగా నిలబడి, బోర్డు నాలుగు మూలలూ పడేలా ఒక ఫోటో తీసి ఇక్కడే పెట్టు. అక్షరాలు సగమైనా మిగిలి ఉంటే వాటినే ట్రేస్ చేసి తెలుగు లైను చేసేయొచ్చు, రామభద్ర కూడా అక్కర్లేదు.